తుడుపుగుడ్డ

హెప్సీ ఇస్త్రీపెట్టెను చెంపకు దగ్గరగా తెచ్చి వేడి చూసుకుంది. ఎక్కువైంది. దాన్ని పొయ్యి గట్టు మీద నిలబెట్టి, ఈలోగా తెల్ల మస్లిన్ గౌను మీద నీళ్ళు చిలకరించి, చుట్టచుట్టి, మళ్ళీ విప్పింది. మాసినా మాయకపోయినా ఈ గౌను వారం వారం ఉతకాల్సిందే. కుచ్చిళ్ళు ఎప్పుడూ పడేచోటే పడేటట్టు ఇస్త్రీ చెయ్యాల్సిందే. నీలిమందు మాత్రం వెయ్యకూడదు. వేస్తే ఆ రోజు ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు, ముందుగా అయ్యగారికి.

ఆ నీలిమందు పుణ్యమా అనే ఆమె ఈ ఇంటికి వచ్చింది. అంతకుముందు నది అవతల బాటర్సీలో ఒక చాకిరేవులో పనిచేసేది. పొద్దున్నే వేడినీళ్ళ తొట్టిలో చేతులు ముంచితే చీకటి పడేదాకా తీసేది కాదు. నీలిమందు వెయ్యడంలో ఆమె చెయ్యి మరీ పొదుపు, అందుకని ఆమె ఉతికిన బట్టలు తళతళలాడే తెలుపు కాకుండా వెన్న తెలుపుకి తేలేవి. యజమానురాలు రోజూ తిట్టేది. ఒకనాడు సన్నగా పొడుగ్గా ఉన్న ఒక పెద్దమనిషి ఒక టేబుల్ గుడ్డ పట్టుకుని నేరుగా ఆవిరిలోకి వచ్చేసి, "ఇది ఉతికింది ఎవరు?" అన్నాడు. యజమానురాలు హెప్సీని ముందుకు తోసింది, తిట్లు తినమని. ఆయన ఆ గుడ్డను కిటికీ వెలుగులోకి ఎత్తిపట్టి చూశాడు. "ఈ తెలుపు నాకు కావాలి" అన్నాడు. అందరూ తిట్టిన తెలుపును మెచ్చుకున్న మొదటి మనిషి ఆయనే. ఆ కృతజ్ఞత హెప్సీకి ఇప్పటికీ పోలేదు, పోవలసిన కారణాలు ఎన్ని వచ్చినా సరే.

ఆయన పేరు థర్లో. చెల్సీలో, నది ఒడ్డున ఇల్లు. బొమ్మలు వేస్తాడు. వాటిలో యుద్ధాలుండవు, దేవదూతలుండరు, తల్లి ఒళ్ళో పిల్లలుండరు. ఒక మనిషి నిలబడి ఉంటుంది, అంతే. వాటికి పేర్లు కూడా రంగుల పేర్లే: బూడిదరంగు, తెలుపు, నీలం, వెండి. వేసింది ఎవరిని అని అడిగితే ఆయనకు ఒళ్ళు మండుతుంది. పాట వింటున్నప్పుడు ఇది ఏ ఊరి కథ అని అడుగుతారా, శ్రుతి కలిసిందా లేదా అని వింటారు గానీ, అంటాడు. పత్రికల వాళ్ళు ఆయన్ను వెక్కిరిస్తారు. ఆయన ఆ పత్రికలు దాచుకుని మరీ చదువుకుంటాడు.

హెప్సీ తన ఎర్రగళ్ళ శాలువాను వంటింటి తలుపు వెనక మేకుకే తగిలించి లోపలికి వెళుతుంది. ఎరుపు ఈ ఇంటి గడప లోపలికి రాకూడదు. పనివాళ్ళకు బూడిదరంగు దుస్తులు ఆయనే ఇస్తాడు. ఒకసారి వంటావిడ ఊరబెట్టిన బీట్‌రూట్ ముక్కలు భోజనంలో పెట్టింది. అయ్యగారు కుర్చీ వెనక్కి నెట్టి లేచిపోయాడు.

"ఆయనకి ఆకలి కూడా రంగు చూశాకే వేస్తుందే తల్లీ" అని వంటావిడ అప్పట్నుంచీ అంటూనే ఉంది. ఇవాళ కూడా పొయ్యి దగ్గర గరిట తిప్పుతూ హెప్సీ చేతిలోని బొగ్గుల బకెట్టు వంక చూసింది. "ఏమిటే, మళ్ళీ నిండా తీసుకెళ్తున్నావ్? ఆ గదిలో ఏమన్నా రొట్టెలు కాలుస్తున్నావా?"

"చలిగా ఉందిగా."

"మార్చి నెలొచ్చాక చలేమిటి! ఆయనే అడిగాడా?"

హెప్సీ బకెట్టు ఎత్తుకుని మెట్లెక్కింది. ఆయన అడగలేదు. ఈ బొగ్గులు ఎందుకో చెబితే వంటావిడ నవ్వినా నవ్వుతుంది, ఏడ్చినా ఏడుస్తుంది. రెండూ భరించే ఓపిక ఆమెకు లేదు.

స్టూడియో గది గోడలు వాన కురిసే ముందు నది ఉండే రంగులో ఉంటాయి. నేల మీద గడ్డి చాప. ఒక మూల చిన్న పొయ్యి. నడుమ, స్టాండు మీద, మనిషంత ఎత్తు కాన్వాసు. హెప్సీ పొయ్యిలో బొగ్గులు పోసి, ఎగదోసి, కాన్వాసు ఉన్న స్టాండును జానెడు పొయ్యి వైపు జరిపింది. రోజూ అంతే జరుపుతుంది, ఆయన కనిపెట్టనంత. తర్వాత దాని ఎదురుగా నిలబడింది.

బొమ్మలో ఆమె చెల్లెలు రోడా నిలబడి ఉంది. తెల్ల గౌను, వెనక బూడిదరంగు తెర, కుర్చీ వీపు మీద ఆనీ ఆనని ఒక చెయ్యి. ముఖం పక్కకు తిరిగి ఉంది. ఆ బుగ్గ మీద పలుచగా గులాబీరంగు.

మొన్న ఆకురాలే కాలంలో అక్క మరిచిపోయిన రొట్టె మూట తీసుకుని రోడా ఈ ఇంటికి వచ్చింది. నడవలో గోడకు ఆనుకుని నిలబడి ఉండగా థర్లో చూశాడు. "కదలకు" అన్నాడు. చలికాలమంతా ఆ పిల్ల కదల్లేదు. దగ్గు వచ్చినప్పుడు గుడ్డ నోట్లో కుక్కుకుని, అది తగ్గాక చెయ్యి మళ్ళీ ఎక్కడుందో అక్కడే పెట్టేది. పనిపోయిన పూలకొట్టు కన్నా ఇదే హాయి అక్కా, ఊరికే నిలబడటమేగా అనేది. ఊరికే నిలబడటం ఎంత కష్టమో రాత్రి ఆమె కాళ్ళు పిసికిన హెప్సీకి తెలుసు. జ్వరం మొదలయ్యాక పిల్ల బుగ్గల్లోకి రంగు వచ్చింది. థర్లో చూసింది చూసినట్టు వేశాడు. ఒంట్లో బాగున్నట్టు కనిపిస్తోందని హెప్సీ సంబరపడింది. కిందటి వారం రోడా మంచం పట్టింది.

ఈ ఇంట్లో ఇంకో పద్ధతి ఉంది. బొమ్మ పూర్తయ్యేదాకా నిలబడిన పిల్ల దాన్ని చూడకూడదు. చూస్తే ఆ బొమ్మలా ఉండాలని ప్రయత్నిస్తుంది, అది మొహంలోకి వస్తుంది అంటాడు అయ్యగారు. రోడా చలికాలమంతా ఆ కాన్వాసు వీపునే చూసింది. అద్దంలో తప్ప ఆ పిల్ల తన ముఖం ఎక్కడా చూసుకోలేదు, ఇంట్లో ఉన్న అద్దానికి కూడా ఒక మూల పగులు. రోజూ సాయంత్రం అక్క గుమ్మంలో అడుగు పెట్టగానే అడిగేది ఒకటే మాట: "ఉందా ఇంకా నా మొహం?"

అలా అడగడానికి కారణముంది. థర్లో ఆనాడు వేసింది ఆ సాయంత్రం నచ్చకపోతే ఉంచడు. పైన పూతలు పూసి సరిదిద్దడం ఆయన దృష్టిలో మోసం. తడి ఆరకముందే నచ్చని భాగం మొత్తం తుడిచేయాలి, మర్నాడు మళ్ళీ వేయాలి. తడి తొందరగా ఆరకుండా గసగసాల నూనె కలుపుతాడు, రంగు వారాల తరబడి జిగటగానే ఉంటుంది. తుడవడం మాత్రం ఆయన చేత కాదు, చూడనైనా చూడలేడు. తోటలోకి వెళ్ళి నిలబడతాడు. టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డతో తుడిచేది హెప్సీ. ఒకప్పుడు మరకలు పోగొట్టే పని, ఇప్పుడు బొమ్మలు పోగొట్టే పని. ఆ చలికాలం కుర్చీని ఎన్నిసార్లు తుడిచిందో, తెరను ఎన్నిసార్లు తుడిచిందో. చెయ్యి ఒకసారి ఎగిరిపోయింది, గౌను అంచు వారం పాటు కుదరలేదు. ముఖాన్ని మాత్రం ఆయన ఒక్కసారీ తుడిపించలేదు.

ఒక్కసారి ఆరిపోయిందంటే గుడ్డకు లొంగదు. అందుకే ఆ బొగ్గులు. ఈ కొద్ది రోజులు గడిస్తే పటం ప్రదర్శనకు వెళ్ళిపోతుంది. అప్పుడు రోడాను బండిలో పడుకోబెట్టి అయినా తీసుకువెళ్ళాలి, జనంలో నిలబెట్టి, అదిగో నువ్వు అని చూపించాలి. హెప్సీ జీవితంలో కోరుకున్నవి చాలా తక్కువ. ఇది వాటన్నిటికన్నా గట్టిగా కోరుకుంది.

చిటికెనవేలి కొసతో జుట్టు అంచున తాకి చూసింది. ఇంకా జిగటగానే ఉంది.

థర్లో పది దాటాక వచ్చాడు. రాగానే పొయ్యి వంక చూసి, "ఏమిటీ వేడి?" అన్నాడు గానీ జవాబు కోసం ఆగలేదు. ఆయన కళ్ళ కింద నల్లగా ఉంది. కొన్నాళ్ళుగా ఆయనకు నిద్ర లేదు. బొమ్మ ముందు నిలబడి, నాలుగడుగులు వెనక్కి వేసి, పక్కకు వెళ్ళి చేతి అద్దంలో తిరగేసి చూశాడు.

"ఎక్కడో ఒక తీగ వదులైంది హెప్సీ" అన్నాడు. "ఎక్కడో చెప్పలేకపోతున్నా. తెరా? చాపా?"

"నాకేం తెలుస్తుందండీ."

"తెరే అయ్యుంటుంది" అని ఆయన తెర మీద పడ్డాడు. హెప్సీకి ప్రాణం లేచివచ్చింది. ఎన్ని తెరలైనా తుడుస్తుంది ఆమె, సంతోషంగా తుడుస్తుంది.

ఆ పూటంతా ఆమె పని ఆమె చేసుకుపోయింది. కుంచెలు సబ్బునీళ్ళలో కడిగి, అరచేతిలో గుండ్రంగా తిప్పి, కొసలు నాలుకతో తడిపి సూదిగా చేసింది. రోడా బదులు నిలబెట్టిన కొయ్యబొమ్మకు గౌను వేసి కుచ్చిళ్ళు సర్దింది. మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని రొట్టె మీద మాంసపు కొవ్వు రాసుకుని తింది. ఆమె చేతులు చూస్తే వయసు అరవై అనుకుంటారు, ముఖం చూస్తే నలభై. తల్లి పోయేనాటికి రోడా పాలు తాగే పిల్ల, హెప్సీ పెళ్ళీడు పిల్ల. పడవల మీద పనిచేసే ఏమస్ అనేవాడు ఆమెను చేసుకుంటానన్నాడు. ఆ పసిదాన్ని ఎవరికైనా అప్పగించి రా అన్నాడు. ఎవరికి అప్పగించాలో ఆమెకు తట్టలేదు. ఏమస్ ఓపిక పట్టి చూశాడు, తర్వాత వేరే ఎవర్నో చేసుకున్నాడు. ఆ విషయం ఆమె ఎవరితోనూ చెప్పలేదు, చెప్పేటంత పెద్ద సంగతి అని అనుకోలేదు.

మూడు గంటల వేళ మిసెస్ వెర్నీ వచ్చింది. ఈ పటం కొనబోయేది ఆవిడే. వెడల్పాటి మనిషి, వెడల్పాటి మనసు. ఎండుటాకుల పచ్చ గౌను, మెడలో కాషాయపు పూసలు, పాపం థర్లో రంగులకు సరిపడేటట్టు కష్టపడి తయారై వచ్చింది. చేతిలో గాజుగది వేడిలో పండించిన నల్లద్రాక్ష గుత్తి, మెత్తటి కాగితంలో.

హెప్సీ టీ పళ్ళెం తీసుకువెళ్ళేసరికి ఆవిడ బొమ్మ ముందు నిలబడి ఉంది. థర్లో కిటికీ దగ్గర వీపు తిప్పుకుని ఉన్నాడు. ఈ ఇంటికి వచ్చేవాళ్ళకు ఏమనాలో తెలుసు. ఆ బూడిదరంగు ఎంత మెత్తగా పలికిందండీ అనాలి, లేదా ఊరుకోవాలి. ఆవిడ ఇంకో అడుగు ముందుకు వేసింది.

"ఎవరండీ ఈ అమ్మాయి?" అంది చివరికి.

"ఎవరూ కాదు" అన్నాడు థర్లో తిరగకుండా. "బూడిదరంగు, తెలుపు. పటం పేరు కూడా అదే."

"అయ్యో, అది కాదండీ. ఆ బుగ్గ చూడండి. ఒంట్లో బాగున్న పిల్ల రంగేనా అది? నిలబడలేక నిలబడినట్టుంది. ఎవరి పిల్లో ఏమో." ఆవిడ చుట్టూ చూసింది. పళ్ళెం పట్టుకున్న హెప్సీ కనిపించింది. "నీకేమన్నా తెలుసా అమ్మా?"

తెలియదండీ అంటే అయిపోయేది. అనాలి కూడా. బొమ్మలో ఎవరున్నారో బయటివాళ్ళకు చెప్పకూడదన్నది ఈ ఇంట్లో అన్నిటికన్నా పెద్ద నియమం. ఇన్నేళ్ళుగా ఎందరు అడిగినా హెప్సీ నీళ్ళు నమిలిందే తప్ప నోరు విప్పలేదు. కానీ ఇంతవరకు ఎవరూ రోడా గురించి అడగలేదు. ఎవరి పిల్లో ఏమో అన్న మాట సూటిగా వచ్చి తగిలింది.

"మా చెల్లెలండీ అమ్మగారూ" అంది. "రోడా."

కిటికీ దగ్గర థర్లో తల తిరిగింది. హెప్సీ చూసింది, కానీ అప్పటికే మాటలకు గేటు తెరుచుకుంది.

"చలికాలమంతా ఇక్కడే నిలబడిందండీ. దగ్గుతోనే నిలబడింది. ఇప్పుడు మంచం మీదుంది. మా టకెట్ మామ్మ, పక్కగదిలో ఉంటుంది లెండి, ఆవిడే పగలంతా చూస్తోంది. బొమ్మ చూడాలని దానికి ఒకటే ఆశండీ. ఇంతవరకు చూడలేదు. నేనే పెంచానండీ దాన్ని."

మిసెస్ వెర్నీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దొంగ నీళ్ళు కావు. చేతిరుమాలు తీసి కళ్ళు ఒత్తుకుంది. "చూశారా థర్లో గారూ, నాకు చూడగానే తెలిసింది. దీన్ని నా గదిలో పెట్టుకుంటే రోజూ ఏడుస్తానేమో! ఇంతవరకు మీ బొమ్మ ఏదీ నన్ను ఏడిపించలేదు. ఇదే మీరు వేసినవాటిలో గొప్పది." అని ద్రాక్షగుత్తి తీసి హెప్సీ చేతిలో పెట్టింది. "ఇవి ఆ పిల్లకి ఇవ్వు. నేనిచ్చానని చెప్పు."

తన మాటలతో ఏం చేసిందో ఆ తల్లికి తెలియదు. తెలిసి ఉంటే నాలుక కొరుక్కునేది.

బండి చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా థర్లో కదల్లేదు. హెప్సీ కప్పులు సర్దుతోంది.

"అయ్యగారూ, నోరు జారింది. తప్పయిపోయింది."

"నీ తప్పేం లేదు" అన్నాడు ఆయన. కోపంగా అని ఉంటే బాగుండేది. చాలా మెల్లగా అన్నాడు. బొమ్మ ముందుకు వచ్చి నిలబడ్డాడు. "ఆవిడ పటాన్ని చూడలేదు హెప్సీ. నీ చెల్లెల్ని చూసింది. నువ్వు చెప్పకముందే చూసింది. ఆ బుగ్గ. ఆ గులాబీరంగు. రోజూ నా చెవిలో గీరుతూనే ఉంది, నేను తెరననుకున్నా, చాపననుకున్నా. జాలిపడమని అడుగుతోంది అది. బొమ్మ ఎవర్నీ ఏదీ అడగకూడదు."

హెప్సీ కప్పు కింద పెట్టేసింది.

"మొహం తీసెయ్యి" అన్నాడు.

"ఆ బుగ్గ వరకూ సరిచేస్తే సరిపోదాండీ? కొంచెం, పైపైన?"

"అతుకులు వెయ్యను. తెలుసుగా నీకు."

"పోనీ రేపటిదాకా ఆగండయ్యగారూ. రేపు పొద్దున్నే దాన్ని తీసుకొస్తాను. కాయగూరల బండి దొరుకుతుంది. ఎత్తుకొస్తాను కావాలంటే. ఒక్కసారి చూసుకుంటుంది. ఒక్కసారి చూపించి, ఆ తర్వాత నేనే, మీరు చెప్పక్కర్లేకుండా, నేనే—"

థర్లో వంగి కాన్వాసు అంచున వేలు ఆనించాడు. పొయ్యి వంక చూశాడు. స్టాండు కాళ్ళ వంక, చాప మీద పడిన పాత గుర్తుల వంక చూశాడు. అర్థమైంది ఆయనకు. ముఖం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. అయినా ఆ మాట ఎత్తలేదు.

"రేపటికి బిగుసుకుపోతుంది" అన్నాడు. "ఇవాళే పోవాలి. నీకు బాగయ్యాక... అదే, ఆమెకు బాగయ్యాక, ఎండాకాలంలో మళ్ళీ వేస్తాను. ఆమె కోసమే ఒకటి వేసిస్తాను. మాట ఇస్తున్నా."

ఇచ్చినవాడికీ పుచ్చుకున్నదానికీ ఆ మాట విలువ తెలుసు. థర్లో కోటు కూడా వేసుకోకుండా తోటలోకి వెళ్ళిపోయాడు. రాక్షసుడైతే కనీసం తిట్టుకోవచ్చు. ఈ మనిషి సొంత తల్లి బొమ్మ వేసినా నచ్చకపోతే ఇలాగే తుడిపిస్తాడని హెప్సీకి తెలుసు. అందుకే తిట్టడానికి కూడా ఆమెకు ఏమీ దొరకలేదు.

చెయ్యననవచ్చు. అంటే ఆయన వేరే ఎవర్నో పిలుస్తాడు. పరాయి చెయ్యి కన్నా తన చెయ్యే నయమనుకుంది. పాత దుప్పటి చించిన గుడ్డ ఒకటి తీసుకుని, టర్పెంటైన్‌లో ముంచి, పిండి, మడిచింది. రోడా చిన్నప్పుడు మొహం కడగడానికి మహా పేచీ పెట్టేది. గడ్డం పట్టుకుని ముందు నుదురు తుడవాలి, తర్వాత కళ్ళు మూసుకోమని కళ్ళు, చివరికి బుగ్గలు. హెప్సీ చెయ్యి దానంతట అదే నుదుటి దగ్గర మొదలుపెట్టింది. పొయ్యిలో అన్ని బొగ్గులు పోసినా ముఖం ఇట్టే గుడ్డలోకి వచ్చేసింది. కన్ను వచ్చింది, పెదవుల వార వచ్చింది. బుగ్గ దగ్గర ఆమె గుడ్డను తిప్పి శుభ్రమైన వైపు పట్టుకుంది. ఎందుకలా చేసిందో ఆమెకే తెలియదు. ఆ గులాబీరంగు మరేదీ కలవకుండా గుడ్డ నడుమకు దిగింది.

తర్వాత అలవాటు చొప్పున వెనక్కి నాలుగడుగులు వేసి చూసింది.

చూడకుండా ఉండవలసింది. తెర మెత్తగా వెనక్కి జరిగింది. గౌను తెలుపు, ఆమె నీలిమందు వెయ్యకుండా ఉతికిన తెలుపు, నెమ్మదిగా వెలిగింది. చాప రంగు దాన్ని అందుకుంది. ముఖం ఉండవలసిన చోట పొగమంచు లాంటి బూడిదరంగు తప్ప ఏమీ లేదు, దాని చుట్టూ పటమంతా ఒక్క ఊపిరి తీసుకున్నట్టు అయింది. ఎంత బాగుందో! ఇంత బాగుంటుందని ఆమె అనుకోలేదు. కళ్ళు మూసుకున్నా అలాగే కనిపించింది.

థర్లో వచ్చి చూసి కుర్చీలో కూలబడ్డాడు. చాలా రోజుల తర్వాత ఆయన భుజాలు కిందికి దిగాయి.

"చూశావా?"

"చూశానండి."

"బాగుందా?"

"బాగుందండి" అంది హెప్సీ. అబద్ధమైతే అంత బాధ ఉండేది కాదు.

నూనె గుడ్డలు ఏ రోజువి ఆ రోజు వంటింటి పొయ్యిలో వేసేయాలి, లేకపోతే వాటంతట అవే అంటుకుంటాయి. ఆ గుడ్డ ఆమె పొయ్యి దాకా తీసుకువెళ్ళింది. వంటావిడ మూత తీసి పట్టుకుంది. హెప్సీ గుడ్డను మడిచి ఏప్రాన్ జేబులో పెట్టుకుంది.

"అదేమిటే?" అంది వంటావిడ. హెప్సీ మేకు మీది ఎర్ర శాలువా తీసి కప్పుకుని, ద్రాక్షగుత్తి పట్టుకుని బయటికి నడిచింది. ఆవిడ మూత చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

చెక్క వంతెన మీద పొగమంచు దిగుతోంది. బండ్లు దీపాలు పెట్టుకుని మెల్లగా వెళుతున్నాయి. నదిని చూడటానికి జనం ఈ మధ్య సాయంత్రాలు ఇక్కడికి వస్తున్నారు, ఆ బూడిదరంగు బాగుంటుందని. హెప్సీ తల ఎత్తలేదు. ఇంటికి వెళ్ళాక ఏం చెప్పాలి అన్నదొక్కటే ఆమె ఆలోచన. వంతెన అయిపోయింది గానీ ఆలోచన తెగలేదు.

వాళ్ళ గది గుర్రపు శాల మీద ఉంది. టకెట్ మామ్మ మెట్ల మీదే ఎదురైంది. పొట్టి ముసలావిడ, చేతిలో ఖాళీ గిన్నె.

"జావ తాగలేదే. మధ్యాహ్నం నుంచి నిన్నే అడుగుతోంది. నాతో ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు! నీ కోసం దాచుకుంటోందిట మాటలు." అని గొంతు తగ్గించింది. "డాక్టరు వచ్చి వెళ్ళాడమ్మా. ఏం చెప్పలేదు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు."

రోడా దిండ్ల మీద ఆనుకుని ఉంది. బుగ్గలు రెండూ ఎర్రగా ఉన్నాయి, మిగిలిన ముఖమంతా కొవ్వొత్తి రంగు. అక్కను చూడగానే నవ్వింది.

"ఉందా ఇంకా నా మొహం?"

హెప్సీ శాలువా విప్పి, మడిచి, మంచం కాళ్ళ దగ్గర పెట్టింది. "ఉండక ఎక్కడికి పోతుంది? ఉంది."

"ఇవాళ ఏం తుడిపించాడు మీ అయ్యగారు?"

"తెర."

"మళ్ళీనా! ఆ తెర మీద పెట్టిన శ్రద్ధ పెళ్ళాం మీద పెట్టుంటే ఈపాటికి ఇంటినిండా పిల్లలుండేవాళ్ళు." నవ్వబోతే దగ్గు వచ్చింది. హెప్సీ వీపు కింద చెయ్యి పెట్టి లేవదీసింది. దగ్గు తగ్గాక ద్రాక్షపండు ఒకటి నోటికి అందించింది. రోడా దాన్ని బుగ్గన పెట్టుకుని, "నీ దగ్గర ఆ మందు వాసన ఇవాళ ఎక్కువగా వస్తోంది" అంది. జేబులో నుంచి బయటికి వచ్చిన గుడ్డ కొస ఆమెకు కనిపించింది. "ఏమిటది?"

"ఏం లేదు. గుడ్డ."

"చూపించవూ."

ఇవ్వకుండా ఉండటానికి హెప్సీకి ఒక సాకు కావాలి, దొరకలేదు. రోడా గుడ్డ మడతలు విప్పి, దీపం వైపు ఎత్తిపట్టి చూసింది. చాలాసేపు చూసింది. చలికాలమంతా కాన్వాసు వీపు చూసిన కళ్ళు అవి.

"అబ్బ, ఎంత బాగుందే అక్కా ఈ రంగు! దేనికి వేశాడు దీన్ని?"

హెప్సీ దుప్పటి అంచు సర్దింది. "పువ్వుకి" అంది.

"బొమ్మలో పువ్వులేమీ లేవన్నావుగా."

"ఇవాళ పెట్టాడు. ఎక్కువైందని కొంచెం తుడిపించాడు."

"ఎక్కడ? నా పక్కనేనా?"

"నీ పక్కనే. చెయ్యి దగ్గర."

"అయితే పువ్వు పక్కన నిలబడ్డానన్నమాట" అని రోడా తృప్తిగా కళ్ళు మూసుకుంది. పూలకొట్లో పనిచేసిన పిల్ల, పూలంటే ప్రాణం. "జనం మొదట నన్ను చూస్తారంటావా, పువ్వునా?"

"నిన్నే."

"ఏమో. ఈ రంగైతే నేనూ పువ్వునే చూస్తాను." గుడ్డను గుండెల మీద పెట్టుకుంది. "కాస్త టీ పెట్టు అక్కా. వేడిగా. దాహంగా ఉంది."

హెప్సీ కెటిల్ తీసుకుని కుళాయి కోసం కిందికి వెళ్ళింది. ముందు ఇద్దరున్నారు. తన వంతు వచ్చేదాకా ఆగింది, గుర్రాలు శాలలో గిట్టలు మార్చుకుంటున్న చప్పుడు వింటూ. చెప్పేస్తే బాగుండేదేమో అనుకుంది. చెప్పకపోవడమే మంచిదనుకుంది. రెండూ ఒకేలా అనిపించాయి. పైకి వచ్చి కెటిల్ పొయ్యి మీద పెట్టి, టీ ఆకు కొలిచి కుండలో వేసింది. "చక్కెర ఎక్కువ వెయ్యనా?" అంది. జవాబు లేదు. నిద్రపోయిందనుకుంది. కెటిల్ కూత వేసింది. ఆ కూతకు కూడా పిల్ల లేవలేదు.

ద్రాక్షపండు ఇంకా ఆమె బుగ్గనే ఉంది. రంగు మాత్రం లేదు. రెండు బుగ్గల్లో నుంచీ పూర్తిగా వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆ ముఖం దిండుతోనూ, గోడతోనూ, కిటికీలోని పొగమంచుతోనూ ఎంత బాగా కలిసిపోయిందో హెప్సీ కళ్ళు ఆమె వద్దన్నా చూశాయి. ఆ కళ్ళను ఏం చేసుకోవాలో తెలియక ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుని మంచం పక్కన కూర్చుండిపోయింది.

టకెట్ మామ్మ వచ్చి కెటిల్ దించింది. గౌను చేతులు పైకి మడిచి గిన్నెలో నీళ్ళు పోసింది. పిల్ల గుండెల మీది గుడ్డ చూసి, మురికిదనుకుని తీయబోయింది.

"అది పారెయ్యకు మామ్మా" అంది హెప్సీ. "మొహం నేనే తుడుస్తాను."

మామ్మ గుడ్డను తీసి జాగ్రత్తగా కిటికీ గట్టు మీద పరిచి పెట్టింది. దాని నడుమ గులాబీరంగు ఇంకా తడిగానే ఉంది.